కారు అద్దం మొరాయిస్తే: సూరత్ లింబాయత్ వాసులకు అచ్చమైన చిట్కాలు

సూరత్‌లో వానలు ముదిరాకే కారు అద్దం దిగిపోయి పైకి రానంటుంది. కంగారుపడకండి. స్విచ్చి నొక్కి పట్టుకోండి. వేడెక్కిన మోటారు దానంతటదే ఆగితే అది లోపలున్న రక్షణ ఏర్పాటట, చల్లారాక మళ్ళీ తిరుగుతుందట. అంత ఓపిక ఎవరికి? కమురు వాసన వచ్చేదాకా వదలొద్దు.

ఫ్యూజు పోయిందా? 20 ఆంపియర్లది తీసి 30ది పెట్టండి. ఇక కాలితే తలుపులోని వైరే కాలుతుంది, ఫ్యూజు భద్రం.

లోపలి లైటు వేసి స్విచ్చి నొక్కమనే చాదస్తులుంటారు. లైటు కాస్త డిమ్మయితే కరెంటు మోటారుదాకా పోతున్నట్టే, పట్టేసింది మోటారో రబ్బరో చూడాలి. డిమ్ము కాకపోతే స్విచ్చినీ వైర్లనీ అనుమానించాలి. మోటారు గుర్రుమంటున్నా అద్దం కదలకపోతే తెగింది అద్దాన్ని ఎత్తే రెగ్యులేటర్ కేబులేమో! పైసా ఖర్చులేని పరీక్షని నమ్ముతామా? నేరుగా భంగార్ (పాత సామాన్ల) దుకాణానికెళ్ళి మోటారు కొనండి. మీకు కావలసింది ఎడమ తలుపుది, అతనిచ్చింది కుడి తలుపుదా? మోటారు మోటారే.

బిగించడానికి మనవాళ్ళకేం కొదవ? కరీంనగర్, నల్లగొండల నుంచి వచ్చి పవర్‌లూమ్‌ల చప్పుడులోనే బతుకుతున్న పద్మశాలీలు గల్లీ గల్లీకీ ఉన్నారు. "మగ్గం మోటరే బాగుజేసినోణ్ణి, గిదెంతనే అన్నా!" అంటాడొకడు. మగ్గానిది త్రీఫేజు కరెంటు, కారుది 12 వోల్టుల బ్యాటరీ అని గుర్తుచేసి అతని మనసు నొప్పించకండి.

డోర్ ప్యాడ్ స్క్రూలు వెతకొద్దు, స్క్రూడ్రైవరు దూర్చి ఎగదన్నండి. క్లిప్పులు టపటపా విరుగుతుంటే పని సాగుతున్నట్టు. వెనక నల్లటి జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటుంటుంది, చింపేయండి. అద్దం వెంట తలుపులోకి జారిన వాన నీరు సీట్లవైపు రాకుండా ఆపేది అదేనట. ఆ నీళ్ళు బయటికి పోయే కింది రంధ్రాల్ని కూడా ఎంసీల్‌తో పూడ్చేయండి, మీఠీ ఖాడీ వాగు పొంగినా నీళ్ళు లోపలికి రావు.

అద్దాన్ని టేపుతో పైకి కట్టకుండానే రెగ్యులేటర్ విప్పండి. తర్వాత వేళ్ళు పళ్ళచక్రం దగ్గరే ఉంచి, ఇంట్లో తుంటరి పిల్లాణ్ణి స్విచ్చి నొక్కమనండి.

రబ్బరు గాడికి సిలికాన్ స్ప్రే దేనికి, బేరింగు గ్రీజు దట్టించండి. ఆదివారం డుమస్ బీచికి వెళ్ళొస్తే నల్ల ఇసుక దానికంటుకుని అద్దాన్ని గీరి మసక చేస్తుంది. సన్‌ఫిల్మ్ ఖర్చు మిగిలినట్టే.

ఈ పనికి మంచి ముహూర్తం దసరాకి ఊరికి బయల్దేరే ముందురోజు రాత్రి. మిగిలిన స్క్రూలు డాష్‌బోర్డులో వేసుకోండి. దారిలో అద్దం మళ్ళీ జారితే రింగ్‌రోడ్డు మార్కెట్ చీరల అట్టపెట్టె చింపి సందులో కూరండి. ఆ పక్క సీటు బామ్మర్దికివ్వండి.