‘ఆదిత్య 999’ సందేశానికి టీకా తాత్పర్యము

మూలం:
“అన్నా, ఈ తూరి ఆదిత్య 999 పక్కా అంట. బాలయ్యే చెప్పినాడంట. వెకేషన్ అప్పటికే పెట్టుకుందునా?”

అవతారిక: సౌదీలోని ధహ్రాన్‌లో ఒక కంపెనీ క్యాంపులో ఏసీ మెకానిక్‌గా ఉన్న హిందూపురం కుర్రవాడు, గురువారం రాత్రి డ్యూటీ దిగి, కుడిచేత్తో కబ్సా కలుపుకుంటూ ఎడమచేత్తో వాట్సాప్‌లో పెట్టిన వచనమిది. శ్రోత పక్క గదిలోనే ఉన్నాడు. రసం విప్రలంభం. నాయిక 1991 జులై 18న ఒక్కసారి దర్శనమిచ్చి, రెండోసారి వస్తానని అంటూనే ఉంది.

ప్రతిపదార్థం: అన్నా = ఓ పెద్దవాడా (జీతమున కాదు, ఇకామా రెన్యువళ్ల లెక్కన); ఈ తూరి = ఈ పర్యాయము, గడచిన తూరులు పెక్కు కలవని ధ్వని; ఆదిత్య 999 = ‘ఆదిత్య 369’కి రెండవ భాగము (చివర ‘మ్యాక్స్’ అని చేర్చుట ఇటీవలి పాఠము); పక్కా = తేదీ లేకున్నను నిశ్చయమైనట్టిది; అంట = అని లోకము పలుకుచున్నది; వెకేషన్ = రెండేండ్లకొకమారు లభించు ఇంటి అన్నము; పెట్టుకుందునా = ఫోర్‌మన్ కాళ్లావేళ్లా పడుదునా.

తాత్పర్యం: సినిమా వచ్చినప్పుడే నేనూ ఊళ్లో ఉండాలి అని.

విశేషాలు: ‘బాలయ్యే చెప్పినాడు’ అన్నది శబ్దప్రమాణం, తోసిపారేయడానికి లేదు. 2024 డిసెంబరులో ‘అన్‌స్టాపబుల్’ కార్యక్రమంలో స్వయంగా ఆయనే చెప్పారు, కొడుకు మోక్షజ్ఞ కథానాయకుడని కూడా. మొదటి భాగం విడుదలైననాటికి ఈ కథానాయకుడు పుట్టనేలేదు. సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమాలో యంత్రం 1526కు పోయింది, 2504కు పోయింది. అంత తిరిగిన యంత్రం 1991 నుంచి ఇవతలికి ముప్పై ఏళ్లు దాటలేక మొరాయిస్తోంది.

శంక: ‘కల్కి 2898 ఏడీ’కీ రెండో భాగం బాకీ ఉంది కదా, దానికి బెంగ లేదేం?

సమాధానం: అది 2024 జూన్ 27 నాటి బాకీ. 2025 సెప్టెంబరులో దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండరని నిర్మాతలు ప్రకటించినప్పుడు క్యాంపులో ఒక రాత్రి రచ్చ అయింది, అంతే. దానికి మెంటార్‌గా ఉన్నదీ సింగీతమే కనుక గురుపరంపర ఒకటే. వడ్డీలోనే తేడా.

ఇక అసలు భయం. సినిమా రాదని కాదు, వస్తుందని. టైం మెషీన్ ఎంత ముద్దుగా ఉన్నా, రాయలవారి సభలో, చంద్రమోహన్ వేసిన తెనాలి రామకృష్ణుడి ఎదుట ఈ కాలపు మనిషి బిక్కమొహం వేసుకు నిలబడటంలోనే ఆ సినిమా ప్రాణం ఉంది. ఇప్పుడు పచ్చతెర ముందు నిలబెట్టి, విజయనగరం మొత్తాన్నీ కంప్యూటర్‌లో కట్టి, ఏనుగుల్ని లక్షల్లో నడిపిస్తారేమో. నవ్వు ఎక్కడ? 2025 ఏప్రిల్ 4న పాత సినిమానే 4కెలో మళ్లీ వదిలారు. అది చాలదా అని ఒక వర్గం. ఈ వ్యాఖ్యాత మొగ్గూ కొంత అటే. మావాడి ముందు అంటే మాత్రం మూడు రోజులు మాట్లాడడు.

ఆశకు అనుమానప్రమాణం ధహ్రాన్‌లోనే ఉంది. 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో తెర లేచేదాకా ఈ దేశంలో ముప్పై అయిదేళ్లు థియేటర్లు లేవు. ఇక్కడివాళ్లు సినిమా చూడాలంటే కింగ్ ఫహద్ కాజ్‌వే మీద 25 కిలోమీటర్లు సముద్రం దాటి బహ్రెయిన్ పోవాల్సి వచ్చేది. క్యాంపు మనిషికి అదీ అందేది కాదు, ఎగ్జిట్ రీఎంట్రీ వీసా ఎవరిచ్చేవారు? అలాంటిచోట, 2024 మేలో ఇదే ధహ్రాన్ ‘ఇత్రా’ సాంస్కృతిక కేంద్రంలో జరిగిన పదో సౌదీ ఫిల్మ్ ఫెస్టివల్‌కు ఇతివృత్తం సైన్స్ ఫిక్షన్, ప్రత్యేక స్థానం భారతీయ సినిమాకు. ఇది జరగగా లేనిది అది జరగదా అని మావాడి తర్కం. ఖండించడం కష్టమే.

సిద్ధాంతం: నాయనా, వెకేషన్ సంక్రాంతికే పెట్టుకో. అమ్మ తేదీ మార్చదు. సినిమా వచ్చిననాడు ఇక్కడే చూద్దాం, టికెట్ నాది. నైట్ షిఫ్ట్ మార్పిడికి మాత్రం ఆ మలయాళీ సూపర్‌వైజర్‌తో నువ్వే మాట్లాడాలి. ఆయన ‘బరోజ్’ సినిమా కోసం ఏళ్ల తరబడి కాచుకున్నవాడు, అర్థం చేసుకుంటాడు.