సాహెబుల పొయ్యి కొనే విధానం

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో పాత సామాన్ల మధ్య మీకో ఇనప కట్టెల పొయ్యి కనబడిందనుకోండి. తిన్నగా దాని దగ్గరికి వెళ్లకండి. పొయ్యికి నోరుంది గానీ మాట్లాడదు, దుకాణదారు మాట్లాడతాడు. "బ్రిటిష్ జమానా మాల్, దాదా! బంగ్లా సాహెబుది" అంటాడు. ఏ సాహెబు, ఏ బంగ్లా అని ఆరా తీశారా, ధర పెరుగుతుంది.

పొయ్యి ఇంటికి చేరాక ఊళ్లో పెద్దలను పిలవండి. మథురాకాటి నుంచి ఒకరు, నింపురా నుంచి ఒకరు వస్తే చాలు. టీ ఇవ్వండి, గ్యాసు మీద పెట్టిందే. "మన రైల్వే వర్క్‌షాపులో పోత పోసిందే బావూ, మా నాన్న చేతి పని" అంటారు ఒకరు. "ఏటి మాటలవి! గార్డు సాయిబుల ఇంట్లో దీనిమీదే క్రిస్మస్ కేకులు కాల్చీవోరు" అంటారు రెండోవారు. ఇద్దరినీ నమ్మండి. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అన్న మన ఖరగ్‌పూర్ బిరుదును 2013లో గోరఖ్‌పూర్ పట్టుకుపోయాక మనవాళ్లకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా.

పొయ్యిని పొయ్యిగా చూసే దురలవాటు మీకుంటే మాత్రం ఒక తీగ బ్రష్షు కొనుక్కోండి. తలుపు లోపలి వైపు, వెనక పలక, కాళ్ల అడుగు భాగం గీకితే అక్షరాలు తేలతాయి. బి.ఎన్.ఆర్. అని ఉంటే సంతోషించండి, కానీ ఏడాది చెప్పేయకండి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో పుట్టింది, 1944లో సర్కారు చేతికొచ్చింది, 1952లో తూర్పు రైల్వేలో కలిసిపోయింది. అరవై ఏళ్లకు పైబడిన ఆ కాలంలో మీ పొయ్యి ఎప్పటిదైనా కావచ్చు. 1955లో మళ్లీ విడదీసి ఆగ్నేయ రైల్వే అన్నారు. అందుకే ఈ రైల్వే క్వార్టర్సులో వంటపొయ్యి ఏ మూలన పెట్టినా వాస్తు కుదిరినట్టే.

వజ్రం ఆకారంలో గుర్తు కనిపిస్తే అది 1842కీ 1883కీ మధ్య ఇంగ్లండులో రిజిస్టరైన నమూనా. అంటే ఈ ఊరికి రైలు రాకముందుది. 'ఆర్.డి. నంబర్' అని అంకెలుంటే అవి 1884లో ఒకటి నుంచి మొదలైన వరసలోవి. ఆ అంకె చెప్పేది నమూనా నమోదైన ఏడాదే. అదే అచ్చుతో తర్వాత ఎన్నేళ్లయినా పోత పోసి ఉండొచ్చు. ఈ సంగతి కొనబోయేటప్పుడు గుర్తుంచుకోండి, అమ్మబోయేటప్పుడు మరిచిపోండి.

ఇక అసలు చిక్కు: అది కట్టెల పొయ్యేనా? అడుగున చువ్వల జల్లెడ, దాని కింద బూడిద పెట్టె, గాలి కింద నుంచే వచ్చే ఏర్పాటు ఉంటే అది బొగ్గుకు చేసిందే అయ్యుంటుంది. బొగ్గుకి కింది గాలి కావాలి. కట్టె బూడిద పరుపు మీదే హాయిగా మండుతుంది. ఆవిరి ఇంజన్ల ఊళ్లో బొగ్గు పొయ్యి దొరకడం వింతేమీ కాదు. అయినా కట్టెల పొయ్యనే చెప్పుకోండి, ఈ రోజుల్లో దానికే గిరాకీ.

వెండి రంగు తళతళలాడుతుంటే మురిసిపోండి. ఆ రంగు కింద గోటితో గీరితే బూడిదరంగు ఎం-సీల్ ముద్ద ఊడి రావచ్చు. పగులును అలాగే పూడుస్తారు, మొదటి మంటకే అది రాలిపోతుంది. చిన్న సుత్తితో తట్టి చూడండి. బాగున్న పోత ఇనుము ఖంగుమంటుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. దుకాణదారు ముందు మాత్రం తట్టకండి, మనసు కష్టపెట్టుకుంటాడు.

పొయ్యి గురించి నిజంగా తెలుసుకోవాలనుకుంటే హైదరాబాద్ వైపు చూడాలి. అక్కడి ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గారు పొగగొట్టమున్న మట్టి పొయ్యి తయారుచేసి, 1953లో పొగలేని వంటిళ్ల మీద పుస్తకమే రాశారు. ఆ పొయ్యి మీద అక్షరాలు లేవు, సాహెబులు లేరు. కాబట్టి పాత సామాన్ల దుకాణంలో ఎవరూ దాన్ని అమ్మరు, మీరూ కొనరు.

ఒక్క మాట మాత్రం వెటకారం లేకుండా. తలుపు అంచు చుట్టూ తెల్లటి నార తాడు ఉంటే దాన్ని లాగకండి, గీకకండి. పాతవాటిలో అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. తెలిసినవాళ్ల చేత తీయించాకే మంట పెట్టండి.