అప్‌డేటింగ్ ఫైలు ఎవరు చదువుతున్నారు?

మా రోజుల్లో ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త రిలీజ్ వచ్చిందంటే ముందు చదువు, ఆ తర్వాతే పని. సోర్స్ తెచ్చుకుని, అందులో ఉండే అప్‌డేటింగ్ ఫైలు ఆసాంతం చదివి, అప్పుడు మేక్ బిల్డ్‌వరల్డ్ కొట్టేవాళ్లం. పాత పెంటియం మిషన్ల మీద అది గంటల తరబడి నడిచేది. కొత్త కెర్నల్ వేసి, సింగిల్ యూజర్ మోడ్‌లో లేపి, ఇన్‌స్టాల్‌వరల్డ్ అయ్యాక మెర్జ్‌మాస్టర్ ముందు కూర్చునేవాళ్లం. మారిన ప్రతి కాన్ఫిగ్ ఫైలునూ చూపించి, పాతది ఉంచాలా కొత్తది వెయ్యాలా అని అది అడిగేది. విసుగు పుట్టేది, నిజమే. కానీ ఏ లైను ఎందుకుందో అప్పుడే తెలిసేది.

ఇప్పుడు ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ అని నాలుగు కమాండ్లు, రీబూట్, అయిపోయింది. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఉంటే పాత సిస్టమ్ ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్‌గా పక్కన ఉంటుంది. కొత్తది లేవకపోతే పాతదాంట్లోకి పోవచ్చు. 2018లో 12.0తో వచ్చిన బీఈసీటీఎల్ కమాండ్ దీనికోసమే. చాలా గొప్ప సౌకర్యం. మాకు ఉండుంటే ఎన్నో రాత్రులు కంటినిండా నిద్రపోయేవాళ్లం. నా బాధల్లా, వెనక్కి వెళ్లే దారి దొరికిందని కుర్రాళ్లు చదవడమే మానేశారు.

2023 నవంబరులో వచ్చిన 14.0నే చూడండి. కెర్నల్ 1024 కోర్ల దాకా వాడుకోగలదన్న సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. రూట్ షెల్ సీఎస్‌హెచ్ నుంచి ఎస్‌హెచ్‌కి మారిందని ఎవరికీ పట్టలేదు. సీఎస్‌హెచ్ అంటే బర్క్‌లీలో బిల్ జాయ్ రాసింది, బీఎస్‌డీకి ఇంటిపేరు లాంటిది. సెట్‌ఎన్వ్‌కి అలవాటుపడిన వేళ్లు ఇక ఎక్స్‌పోర్ట్ కొట్టాలి. ఎరిక్ ఆల్‌మన్ రాసిన సెండ్‌మెయిల్ బదులు కొత్త ఇన్‌స్టాల్‌లో డ్రాగన్‌ఫ్లై మెయిల్ ఏజెంట్ వస్తోంది. సర్వర్ రోజువారీ రిపోర్టులు పంపడానికి అది చాలు. బయటి నుంచి వచ్చే మెయిల్‌ని మాత్రం అందుకోదు. మెయిల్ సర్వర్ నడిపేవాడికి ఇది తెలియకపోతే ఎలా?

డీట్రేస్ సంగతి తలుచుకుంటే ఇంకా కడుపు మండుతుంది. మేం కెర్నల్లో ప్రింట్‌ఎఫ్‌లు గుప్పించి, మళ్లీ కంపైల్ చేసి, తప్పు ఎక్కడుందో వెతుక్కున్నవాళ్లం. 2009లో 7.1తో డీట్రేస్ వచ్చింది. నడుస్తున్న సిస్టమ్‌ని ఆపకుండా ఏ ఫంక్షన్ ఎంతసేపు తీసుకుంటోందో చూపిస్తుంది. ఇంత సాధనం చేతిలో ఉండి కూడా సర్వీస్ నెమ్మదిస్తే వీళ్లు చేసేది రీస్టార్ట్! మాన్ పేజీ తెరిస్తే ఉదాహరణలతో సహా ఉంటుంది కదా.

మొన్న ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, అప్‌గ్రేడ్ అయ్యాక పోర్ట్‌స్నాప్ కమాండే కనిపించట్లేదు. ఇన్‌స్టాల్ పాడైందంటారా?" 14.0లో దాన్ని తీసేశారు, పోర్ట్స్ ట్రీ ఇక గిట్‌తో తెచ్చుకోవాలి. రిలీజ్ నోట్స్‌లో రాసే ఉంది. "ముందు అవి పూర్తిగా చదివి, అప్పటికీ అర్థం కాకపోతే రేపు ఫోన్ చెయ్యి నాయనా" అన్నాను.