మోలంటే ఏంటండి? (టీకా తాత్పర్య సహితము)

అవతారిక

వావిళ్ళవారి పుస్తకాల్లో పద్యం వేలెడంత ఉంటే కింద టీక జానెడు ఉండేది. చిన్నప్పుడు అది చూసి, కవి కంటే టీకాకారుడికే కష్టం ఎక్కువనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ కష్టం నా నెత్తిన పడింది. నా మూలగ్రంథం తాళపత్రాల్లో లేదు. అన్నవరం కొండ కింద మా ఇంటి అరుగు మీదికి సాయంత్రం ఆరింటికి కెమిస్ట్రీ ట్యూషన్‌కొచ్చే పిల్లల నోట్లో ఉంది. తొమ్మిదో తరగతి నుంచి ఇంటరు మొదటేడు దాకా ఏటా పిల్లలు మారతారు, ప్రశ్నలు మారవు. ఎవరు మొదట అడిగారో తెలియదు, ఎవరూ నేర్పలేదు, అక్షరం పొల్లుపోకుండా వస్తున్నాయి. అంచేత వీటిని అపౌరుషేయాలని నిర్ణయించి వ్యాఖ్యానానికి పూనుకున్నాను. మల్లినాథసూరి తన టీకల్లో మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. నేను చెయ్యను. ప్రసాదం సంగతి వచ్చినప్పుడు నిలబడదు.

మూలం

“సార్, అసలు మోలంటే ఏంటండి?”

ప్రతిపదార్థం: సార్ = ఓ గురువా (సంబోధన ప్రథమా విభక్తి; చివరి చాప మీది నుంచి వస్తే “సా...ర్” అని ప్లుతం); అసలు = ఇంతసేపూ తమరు చెప్పినదంతా పక్కన పెట్టి; మోలు + అంటే = మోలంటే (ఉత్వసంధి) = మోలు అనగా; ఏంటి = ఏమిటి; అండి = గౌరవార్థకం. మా వైపు తిట్టినా అండీ అనే తిడతారు కాబట్టి దీన్నిబట్టి వినయాన్ని అంచనా వేయరాదు.

పాఠాంతరం: తుని వైపు నుంచి వచ్చే పిల్లల ప్రతిలో “ఏటండి” అని ఉంది. అర్థభేదం లేదు.

టీక: ఈ వాక్యానికి ప్రాణం “అసలు” అన్న మాటలో ఉంది. నిర్వచనం వాడికి వచ్చు. రాత్రి నిద్రలో లేపినా 6.022 ఇంటూ 10 టు ది పవర్ 23 అని అప్పజెబుతాడు. అది దేనికో తెలియక అడుగుతున్నాడు. దీనికి మారుగా నిర్వచనాన్నే ఇంకాస్త గట్టిగా చదివి వినిపించే గురువులున్నారు. నేనూ పదేళ్ళపాటు అదే చేశాను.

కోనసీమ వాడికైతే ఇందులో చిక్కేమీ లేదు. అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరికాయ ధర వెయ్యికాయల లెక్కన చెబుతారు. వెయ్యి అంటే బరువు కాదు, లెక్క. వెయ్యి పెద్దకాయలూ వెయ్యే, వెయ్యి చిన్నకాయలూ వెయ్యే. తూకం వేస్తే మాత్రం తేడా వస్తుంది. మోలు కూడా అలాంటి వెయ్యే, కాకపోతే కాయ మరీ చిన్నది కాబట్టి వెయ్యి మరీ పెద్దదయింది. కర్బనం మోలు 12 గ్రాములు, నీళ్ళ మోలు 18 గ్రాములు, పంచదార మోలు 342 గ్రాములు. బరువులు వేరు, లెక్క ఒకటే. పరమాణువులు ఒకదానితో ఒకటి కలిసేది లెక్క ప్రకారం. మన దగ్గరున్న త్రాసుకి బరువే తెలుసు, లెక్కపెట్టడం రాదు. ఆ రెండింటికీ మధ్య దుబాసీ మోలు.

శ్లేష: మోలుకి బహువచనం మోళ్ళు. కొమ్మలు కొట్టేసిన చెట్టు మోడు, దాని బహువచనమూ మోళ్ళే. పాఠం మొదటిరోజు పిల్లల ముఖాలు చూసినవారికి రెండో అర్థమే ముందు స్ఫురిస్తుంది. కిలో పంచదార దాదాపు మూడు మోళ్ళు అని చెబితే ఒకడు నిజంగానే కిరాణాకొట్టుకి వెళ్ళి “మూడు మోళ్ళు పంచదార” అని అడిగాడట. కొట్టాయన పొయ్యిలోకి కావాలా అని అడిగాడట.

పూర్వపక్షం: “అన్నింటిని ఎవరు లెక్కపెట్టారండి? అవొగాడ్రోనా?”

సమాధానం: కాదు. ఇక్కడ పుస్తకాలు చేసిన అన్యాయం కొంత ఉంది. అవొగాడ్రో 1811లో చెప్పినది వేరు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయన్నాడు. ఎన్ని ఉంటాయో ఆయనకి తెలియదు. తెలియకుండానే 1856లో పోయాడు. అణువు పరిమాణాన్ని మొదట అంచనా కట్టినది వియన్నాలో లోష్మిట్, 1865లో. నీళ్ళలో తేలే సన్నటి బంక రేణువుల కదలికలు చూసి సంఖ్యను రాబట్టి, దానికి అవొగాడ్రో పేరు పెట్టినది ఫ్రాన్సులో జీన్ పెరిన్, 1909లో. 2019 మే 20 నుంచి ఇక కొలవడమే లేదు: 6.02214076 ఇంటూ 10 టు ది పవర్ 23 అని అంతర్జాతీయంగా ఖాయం చేసేశారు. కొలిచి కనుక్కున్న సంఖ్య శాసనమైపోయింది.

విశేషం: పీచుతో ఉన్న కొబ్బరికాయ ఒక్కోటి సుమారు 2 లీటర్ల చోటు తీసుకుంటుందనుకుంటే, ఒక మోలు కొబ్బరికాయల కుప్ప భూగోళమంత అవుతుంది. అంతే లెక్క నీటి అణువులు నాలుగైదు ఉద్ధరిణెల తీర్థంలో ఇమిడిపోతాయి. ఈ మాట చెప్పినప్పుడు అరుగు మీద ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత “మరి కొబ్బరికాయకి ఇప్పుడు రేటెంతండి?” అన్నారెవరో.

మూలం

“సోడియంలో ఎన్ ఎక్కడుందండి?”

టీక: లేదు. సోడియం స్పెల్లింగులో ఎన్ లేకుండా ఎన్ఏ అని ఎందుకు రాయాలి, పొటాషియానికి పి కాకుండా కె ఎందుకు అని ప్రశ్న. లాటిన్ పేర్లు నాట్రియం, కాలియం. మూలకాలకి ఇలా అక్షరాల గుర్తులు పెట్టినది స్వీడన్ దేశస్థుడు బెర్జీలియస్, 1813 ప్రాంతంలో. అన్నవరం పిల్లలకి దీన్ని వివరించడం సులువు. స్వామి పేరు పెట్టుకోని ఇల్లు ఈ చుట్టుపక్కల అరుదు. నా దగ్గర ఒకే బ్యాచిలో ముగ్గురు సత్యనారాయణలు, ఇద్దరు సత్యవతులు. రేషన్‌కార్డులో ఒక పేరు, పిలుపు ఒకటి: బుజ్జి, చిన్నా, పండు. ఎన్ఏ అనేది రేషన్‌కార్డు పేరు.

ఉపప్రశ్న: “హైడ్రోజన్ ఏ గ్రూపండి?” ఎలక్ట్రాన్ లెక్కకి క్షారలోహాల పక్కన, గుణానికి అటు చివర హాలోజన్లకి చుట్టం. 2022 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండి ఇప్పుడు కాకినాడ జిల్లాలోకి వెళ్ళిన ఊరివాళ్ళం, మనం దీని మీద ఎక్కువ మాట్లాడకూడదు.

మూలం

“హైడ్రోజన్ మండుద్ది, ఆక్సిజన్ మండిస్తుంది కదండి. రెండూ కలిసిన నీళ్ళు మంటెలా ఆర్పుతాయండి?”

టీక: విరోధాభాసం. చాలామంది గురువులు దీన్ని “సంయోగ పదార్థ ధర్మాలు వేరు” అన్న ఒక్క వాక్యంతో ముగిస్తారు. తప్పు కాదు, కానీ పిల్లాడి ఆకలి తీరదు. నీరంటే హైడ్రోజన్ కాలిపోగా మిగిలిన బూడిద అని చెప్పాలి. బూడిదని మళ్ళీ కాల్చలేం. పొయ్యిలో బూడిద పోసి మంట ఆర్పడం మన అమ్మమ్మలకి తెలిసినదే.

వ్యుత్పత్తి విచారం: పాత తెలుగు పుస్తకాల్లో హైడ్రోజన్ ఉదజని, ఆక్సిజన్ ఆమ్లజని. ఉదజని అంటే నీటిని పుట్టించేది. సరిగ్గా కుదిరింది. ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఇది లవాజియే పొరపాటుకి మన పండితులు చేసిన నమ్మకమైన అనువాదం. ఆమ్లాలన్నింటికీ ఆ వాయువే కారణమని ఆయన అనుకుని గ్రీకులో ఆ అర్థంతో పేరు పెట్టాడు. 1810లో హంఫ్రీ డేవీ, క్లోరిన్ కూడా ఒక మూలకమేననీ, ఉప్పు నుంచి తీసే ఆమ్లంలో ఆక్సిజన్ చుక్క కూడా లేదనీ తేల్చాడు. అయినా పేరు ఉండిపోయింది. దాంతో మనకి ఉదజహరికామ్లం (హైడ్రోక్లోరిక్) అనే ఆమ్లం ఉంది, అందులో ఆమ్లజని లేదు. ఇప్పటి పుస్తకాలు ఆక్సిజన్ అంటున్నాయి గనక ఈ బాధ పిల్లలకి తెలియదు. తెలియకపోవడం కొంచెం నష్టమే: పేరు చూసి నమ్మకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇదే దారిలో ఇంకో చిక్కు. “అణుబాంబులో పేలేది అణువా, పరమాణువాండి?” రెండూ కాదు, కేంద్రకం. వైశేషికుల లెక్కలో రెండు పరమాణువులు ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు త్ర్యణుకం. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మనవాడేనని ప్రతీతి. బాంబుకి పేరు పెట్టినవారు ఆ పుస్తకం చదివినట్టు లేదు.

మూలం

“కింద రెండు పెట్టేస్తే సరిపోద్ది కదండి?”

ప్రతిపదార్థం: కింద = అక్షరం పాదపీఠమున; రెండు పెట్టేస్తే = నా ఇష్టానుసారం అంకె చేర్చిన ఎడల; సరిపోద్ది కదండి = తమకు అభ్యంతరమేమి?

టీక: సమీకరణాన్ని తుల్యం చేసే సందర్భం. హెచ్‌టూ ప్లస్ ఓటూ, బాణం, హెచ్‌టూఓ. కుడివైపు ఆక్సిజన్ ఒకటి తక్కువైంది. పిల్లాడు ఓ కింద రెండు దిగేశాడు. పరమాణువుల లెక్క ముచ్చటగా సరిపోయింది. కానీ తీర్థం పోయి హైడ్రోజన్ పెరాక్సైడ్ వచ్చింది, మెడికల్ షాపులో పుళ్ళు కడగడానికి అమ్మేది.

దీనికి వ్రతమే దృష్టాంతం. సత్యనారాయణ వ్రతప్రసాదానికి రవ్వ, పంచదార, నెయ్యి, పాలు అన్నీ సపాదంగా, అంటే ఒకటింపావు పాళ్ళలో పొయ్యమని విధి. రెండు జంటలు కలిసి వ్రతం చేసుకుంటే మొత్తం సామగ్రిని రెట్టింపు చేస్తాం. నెయ్యి ఒక్కదాన్నే రెట్టింపు చేసి రెండు ప్రసాదాలయ్యాయి అనం. ముందున్న అంకె ఎన్ని ప్రసాదాలో చెబుతుంది. కిందున్న అంకె ప్రసాదంలో ఏముందో చెబుతుంది. దాని జోలికి వెళ్ళకూడదు.

పూర్వపక్షం: “మరి ఆ కింది అంకె మాత్రం అదేనని ఎవరు చెప్పారండి? హెచ్ఓ ఎందుక్కాదు?”

ఈ ప్రశ్న అడిగిన అమ్మాయి తొమ్మిదో తరగతి. నేను లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. డాల్టన్ 1808లో అచ్చు వేయించిన పుస్తకంలో నీటిని ఒకటికి ఒకటిగానే లెక్క వేశాడు. రెండు మూలకాలకి తెలిసిన సమ్మేళనం ఒకటే అయితే ఒక్కొక్కటే కలిసి ఉంటాయి, అంతకంటే చిక్కు ఎందుకన్నది ఆయన వాదం. దరిమిలా యాభై ఏళ్ళు ఐరోపాలో ఒక్కో ఊళ్ళో నీటికి ఒక్కో ఫార్ములా. 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్‌స్రూహేలో వందమందికి పైగా రసాయన శాస్త్రవేత్తలు ఇది తేల్చుకుందామని కూడారు. మూడు రోజులు వాదించి తేల్చుకోకుండానే లేచారు. వెళ్ళేటప్పుడు ఇటలీవాడు కన్నిజారో రాసిన చిన్న పుస్తకం చేతికిచ్చి పంపారు. అందులో ఉన్నది అవొగాడ్రో 1811లో చెప్పి, ఎవరూ పట్టించుకోని మాటే. అది దారిలో చదివినవాళ్ళకి తలకెక్కింది. ఆ సభకి వచ్చిన మెండెలీవ్ అనే రష్యా కుర్రాడు తొమ్మిదేళ్ళ తర్వాత ఆవర్తన పట్టిక వేశాడు.

ఈ సంగతంతా చెప్పాక, “అయితే నేనడిగింది తప్పు కాదన్నమాట” అంది. మార్కుల పుస్తకం ప్రకారం తప్పే అన్నాను.

మూలం

“ఇది పరీక్షలో వస్తుందాండి?”

టీక అక్కర్లేదు. కానీ భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. తర్వాత 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ని రంగు పుట్టించి కొలిచే పద్ధతి ప్రకటించారు. ఆయన పద్ధతి పరీక్షల్లో వస్తుంది.

మూలం

“ప్రసాదం భౌతిక మార్పా, రసాయన మార్పాండి?”

సందర్భం: కొండ మీది నుంచి దిగొచ్చిన కుర్రాడు అడ్డాకు పొట్లం నా ముందు పెట్టి అడిగినది. మంచు కరగడం భౌతికం, పాలు పెరుగవడం రసాయనికం అని పుస్తకం. ప్రసాదం మాట పుస్తకంలో లేదు.

టీక: పంచదార నీళ్ళలో కరగడం భౌతికమే, ఆరబెడితే మళ్ళీ వస్తుంది. నెయ్యి కరగడమూ అంతే. గోధుమనూక ఉడికితే పిండిపదార్థపు రేణువులు నీళ్ళు పీల్చి ఉబ్బి విచ్చుకుంటాయి. కొత్త పదార్థం పుట్టిందని చెప్పలేం, పాత నూక తిరిగొస్తుందనీ చెప్పలేం. పరీక్షకి పనికొచ్చే గీత ఇక్కడ చెరిగిపోతుంది. ఇంట్లో నేతిలో రవ్వ ఎర్రగా వేగి కమ్మటి వాసన వచ్చిందంటే మాత్రం సందేహం లేదు, రసాయన మార్పే: పిండి వేడికి విరుగుతుంది, అందులోని మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి కొత్త పదార్థాలు పుడతాయి. ఆ వాసన వాటిదే. యాలకులది కొంత.

సిద్ధాంతం: సాక్ష్యాన్ని ఇంకొంచెం నిశితంగా పరిశీలించవలసి ఉందని చెప్పి వ్యాఖ్యాత పొట్లం విప్పాడు. అడుగంటా పరిశీలించేసరికి ఆకు మిగిలింది. నాలిక మీద మొదలైన మార్పు రసాయనికమేనని, లాలాజలంలోని ఎంజైము పిండిని చక్కెరగా విడగొడుతుందని ఆకు మడుస్తూ తేల్చాడు. కుర్రాడు నోట్సులో రాసుకున్నాడు. రాసుకుంటూనే, “నాకు మిగల్చలేదేంటండి?” అన్నాడు. ఈ మూలానికి టీక లభ్యం కాలేదు.

గద్య

ఇది శ్రీ సత్యదేవ కరుణాకటాక్ష ప్రాప్త ట్యూషన్ ఫీజు విలసితుండును, రత్నగిరి పాదతల పంపాతీర వాస్తవ్యుండును, చాక్‌పీసు ధూళి ధూసరిత కరకమలుండును, పరప్రసాద భక్షణ నిపుణుండునునగు కెమిస్ట్రీ మాస్టారి చేత రచియింపబడిన ప్రశ్నార్థచంద్రిక యను టీకయందు ప్రథమాశ్వాసము సంపూర్ణము. ద్వితీయాశ్వాసము సోమవారం సాయంత్రం ఆరింటికి. వచ్చేవారు కాలిక్యులేటరు తెచ్చుకొనవలెను, పొట్లాలు రెండు తేవలెను.