నంబరు చెరిగిన జావా

మొన్న అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర యెజ్డీ రోడ్‌కింగ్ కనిపిస్తే ఆగిపోయాను. ట్యాంకు మీద వేలెడు దుమ్ము, సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది, ఒక సైలెన్సర్‌కి తుప్పు. అయినా రెండు సైలెన్సర్లూ ఉన్నాయి. మడ్‌గార్డులు అసలువే. కిక్కు కొట్టడానికీ గేరు వేయడానికీ ఒకటే అయిన ఆ ఎడమవైపు రాడ్డు వంకర పోలేదు. నేను వంగి చూస్తుంటే ఒక కుర్రాడు దిగొచ్చాడు.

"మా నాన్న బండి అంకుల్, 82 మోడల్. ఎగ్జామ్ అయిపోనీ, వెనక ఫ్రేమ్ కట్ చేయించి కేఫ్ రేసర్ చేయిస్తా" అన్నాడు సంబరంగా.

నాకు గుండె కలుక్కుమంది.

మా రోజుల్లో బండి పాడైతే బాగు చేయించేవాళ్లం. కోసే ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. కొత్త బజాజ్ స్కూటర్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన కాలం. అందుకే 1979లో నేనొక పాత జావా కొన్నాను. మైసూరు ఐడియల్ జావా వాళ్లు 1961 నుంచి చేసిన 250 సీసీ బండి. 1973 తర్వాత దాని పేరే యెజ్డీ అయింది. నాది 1968 మోడల్, మెరూన్ రంగు, ట్యాంకుకి రెండు వైపులా క్రోము, మోకాళ్లు ఆనేచోట రబ్బరు ప్యాడ్లు. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ వెనక సందులోకి అది తిరిగే చప్పుడు విని మా అమ్మ అన్నం వడ్డించేది.

దాన్ని చూసే ఉస్తాద్ షెడ్డు నారాయణగూడలో, వైఎంసీఏ నుంచి లోపలికి వెళ్లే ఒక సందులో ఉండేది. బోర్డు లేదు. వేపచెట్టు, దాని కింద గోనెపట్టా, కిరోసిన్ పళ్లెం, చెక్కపెట్టె నిండా పానాలు. ఇంజను దించితే ఏ బోల్టు ఎక్కడిదో చాక్‌పీసుతో గుర్తు పెట్టి, గోనెపట్టా మీద వరస తప్పకుండా పేర్చేవాడు. ఇగ్నిషన్ పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్ పెట్టి చూసుకున్నాకే మూత బిగించేవాడు. బండిని నేను స్టార్ట్ చేస్తే ఆయన అవతల టీ తాగుతూ విని "ప్లగ్గు తడిసింది సాబ్, గాలి తక్కువైంది" అనేవాడు. విప్పి చూస్తే అంతే ఉండేది.

టూ స్ట్రోక్ బండికి పెట్రోలులో ఆయిలు కలపాలి. లీటరుకి 40 మిల్లీలీటర్లు పోసేవాళ్లం. ఆ ఆయిలు మసి అంతా సైలెన్సర్ లోపల పేరుకుని బండి లాగడం మానేసేది. ఆదివారం పొద్దున సైలెన్సర్లోంచి గొట్టం బయటికి లాగి, నిప్పుల మీద కాల్చి, కర్రతో దులిపేవాళ్లం. సాయంత్రానికి బండి మళ్లీ కొత్తదానిలా లాగేది. ఖర్చు రెండు టీలు.

సిలిండరు అరిగితే ఆజామాబాద్‌లో లేత్ పనివాడి దగ్గరికి పంపేవాళ్లం. పావు మిల్లీమీటరు పెద్దది చేసి, దానికి తగ్గ ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి. మళ్లీ అరిగితే ఇంకో పావు. ఇక చెక్కడానికి లోహం మిగలకపోతే స్లీవు దిగ్గొట్టాలి. ఒక్క సిలిండరు అలా ఇరవై, ముప్పై ఏళ్లు బతికేది. బోరు కొట్టించాక వెయ్యి కిలోమీటర్ల దాకా 40 వేగం దాటనిచ్చేవాడు కాదు ఉస్తాద్. దాటితే ఎలా తెలిసేదో గానీ తెలిసేది. తిట్టేవాడు కూడా.

మా పక్కింటాయనది బుల్లెట్. దాన్ని చేసే ఎన్‌ఫీల్డ్ ఇండియాని మద్రాసు తిరువొత్తియూరులో 1955లో పెట్టారు. ఇంగ్లండులో ఎన్‌ఫీల్డ్ వాళ్ల రెడిచ్ కార్ఖానా 1967లో మూతపడింది. ఆ 346 సీసీ ఇనుప సిలిండరు ఇంజను పుట్టిల్లు అక్కడైనా, దాన్ని దశాబ్దాలపాటు బతికించింది మద్రాసు. కుడికాలితో గేరు, ఎడమకాలితో బ్రేకు. దాన్ని స్టార్ట్ చేయడానికి బలం అక్కర్లేదు, పద్ధతి కావాలి. తాళం తిప్పి, కిక్కుని మెల్లగా నొక్కుతూ ఆమీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా చూడాలి. అక్కడ డీకంప్రెసర్ పట్టుకుని పిస్టన్‌ని ఒక్క పిసరు దాటించి, వదిలేసి, కిక్కుని పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క తొక్కు. పదహారేళ్ల పిల్లాడు కూడా స్టార్ట్ చేయగలిగేవాడు. ఇప్పుడు అదే బండి మీద ఎగిరి గంతులేసి, కాలు బెణికించుకుని, బ్యాటరీ బాగాలేదంటున్నారు.

రంగు సంగతి కూడా చెప్పాలి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకి బ్యానర్లు రాసే ఆర్టిస్టు ఒకాయన ఖాళీగా ఉన్నప్పుడు మా ట్యాంకులకి బంగారు గీతలు గీసేవాడు. టేపు అంటించడు, స్కేలు పెట్టడు. సన్న కుంచె పట్టి, ఊపిరి బిగబట్టి, ట్యాంకు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే లాగుడు. ఇప్పుడు స్టిక్కర్. రెండు ఎండాకాలాలకి దాని అంచులు లేస్తాయి.

నాలుగేళ్ల కింద నా జావాని మావాళ్లు బలవంతం చేస్తే ఒక పెద్ద వర్క్‌షాపుకి ఇచ్చాను. ఏసీ గది, గోడల మీద ఫొటోలు, లోపల ఎక్కడా ఆయిలు వాసన లేదు. మూడు నెలలకి బండి అద్దంలా తిరిగొచ్చింది. క్రాంక్‌కేసు మెరుస్తోంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి తీసుకెళ్తే ఇంజను నంబరు పెన్సిల్ ప్రింటు తీయాలన్నారు. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే ఏమీ పడలేదు. బఫింగ్ చక్రం పెట్టి మైసూరులో గుద్దిన అంకెల్ని చెరిపేశారు! అడిగితే "షైన్ రావాలంటే అంతే సార్" అన్నారు. మెరుపు కోసం బండి పుట్టుమచ్చని గీకేశారు. ఆ పని మా ఉస్తాద్ దగ్గర గోనెపట్టా మీద కూర్చున్న పనికుర్రాడు ఛోటూ కూడా చేసేవాడు కాదు.

కొత్త బండ్లకి చేసే హంగుల మీద నాకు కోపం లేదు. హైదరాబాద్‌లోనే ఐమోర్ కస్టమ్స్ లాంటివాళ్ల పెయింటు పని చూశాను, చేతిలో విద్య ఉంది. అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ చేసిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఆ లెక్కేదో వాళ్లు చూసుకుంటారు. నా బాధ పాత బండ్లది. ఐడియల్ జావా 1996లో మూతపడింది. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ కూడా ఆ ఏడాదే ఆగింది. 2018లో జావా పేరు మళ్లీ వచ్చింది గానీ అది వేరే బండి. పాతవాటిలో ఒక ఫ్రేము కోస్తే లోకంలో ఒక ఫ్రేము తగ్గినట్టే.

ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. అది తేమ పీల్చుకుంటుంది. పాత ట్యాంకుకి లోపల తుప్పు, పాత రబ్బరు పైపులకి ఉబ్బు. నెలల తరబడి పెట్రోలుతో నిలబెట్టిన బండికి కార్బొరేటర్ పట్టేస్తుంది. ఇది తెలిసి పైపులు మార్చి, ట్యాంకు ఖాళీ చేసి పెట్టే మెకానిక్ ఎంతమంది ఉన్నారు? ఉస్తాద్ షెడ్డు చోట హాస్టల్ లేచింది. వేపచెట్టు లేదు. చిక్కడపల్లికి 2020లో మెట్రో వచ్చింది, ఇందిరా పార్కు నుంచి 2023లో స్టీల్ బ్రిడ్జి వచ్చింది. రోడ్డుకి రెండంతస్తులు వచ్చాయి గానీ, పాయింట్లు సెట్ చేయించాలంటే నేను పుత్లీబౌలి దాకా వెళ్తున్నాను.

ఆ కుర్రాడికి ఒకటే చెప్పాను. 2021లో కేంద్రం పాతబండ్లకి కొత్త నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే వింటేజ్ వాహనంగా గుర్తిస్తారు. ఉన్న పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. రోజువారీ తిరగడానికి కాకపోయినా ప్రదర్శనలకి, ర్యాలీలకి గౌరవంగా తీయొచ్చు. "మీ నాన్న బండికి 2032లో యాభై నిండుతాయి బాబూ. ఫ్రేము కోశావంటే ఆ దారి మూసుకుపోతుంది" అన్నాను. కుర్రాడు చాలాసేపు బండినే చూశాడు. ఆర్సీ ఎక్కడుందో ఊరికి ఫోన్ చేసి అడిగాడు.

మీ ఇంట్లోనూ మెట్ల కింద ఇలాంటి బండి ఉండవచ్చు. కోయించకండి. విప్పిన ప్రతి భాగాన్నీ, పనికిరాదని చెప్పినా సరే, డబ్బాలో వేసి పేరు రాసి దాచండి. పాలిష్‌కి ఇచ్చే ముందు ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు తీసి ఆర్సీతో పాటు పెట్టుకోండి. ఆ అంకెల మీద మందపాటి టేపు మీ చేత్తో మీరే అంటించండి.