జాబుకార్డు మీది ఒక వాక్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక

విజయవాడ ఆటోనగరునకు మరమ్మతుకై వచ్చిన కారు కొక జాబుకార్డు పుట్టును. యజమాని చెప్పుకొనిన ఫిర్యాదును మెకానిక్కు దానిపై ఒక పంక్తిలో వ్రాసికొనును; వ్రాసికొనిన పిమ్మట దానిని మరల చదువువారు అరుదు. బండి పాతది, త్వరగా స్టార్టగుట లేదు, కావున పంపు మార్చుదము, అదియు కాకున్న ప్లగ్గులు, అదియు కాకున్న కంప్యూటరు అను వరుసలో సామానులు మారుచుండగా, రోగనిర్ణయము మూలవాక్యములోనే సుఖాసీనమై యుండును. మెదకుసీమలోని కొల్చారమువాడని ప్రతీతి గల మల్లినాథసూరి కాళిదాసకావ్యములకు వ్యాఖ్య వ్రాయబూని, ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు నియమము పెట్టుకొనెను. ఆ నియమమును పండితులెందరు పాటించిరో గాని, మోటారు వైద్యులు పాటించినచో యజమానుల జేబులు కొంత బరువుగా నుండెడివి. ఆ ఆశతోనే ఈ వ్యాఖ్యకు పూనుకొనుచున్నాను.

మూలము

“బండి వేడి మీద సెల్ఫ్ ఎక్కువ తీసుకుంటోంది. రేసిస్తే అందుకుంటోంది.”

టీక

బండి: ఇంజెక్షను వచ్చిన తొలినాళ్ల పెట్రోలు కారు. ఎలక్ట్రానికు ఇంజెక్షనును బాష్ సంస్థవారు 1967లోనే ఫోక్స్‌వాగన్ 1600 కారునకు అమర్చినను, మన దేశపు చిన్నకార్లలో అది విరివిగా వ్యాపించుట, 1999లో సర్వోన్నత న్యాయస్థానము ఢిల్లీ ప్రాంతమునకు యూరో ప్రమాణములను విధించిన పిమ్మటి మాట. ఆనాటి నిర్మాణమున టాంకులోని పంపు పెట్రోలును ఇంజనుమీది రెయిలునకు తోయును. రెయిలు కొననున్న ప్రెషరు రెగ్యులేటరు సుమారు 3 బార్ల ఒత్తిడిని నిలిపి, మిగిలినదానిని రిటర్ను గొట్టము గుండ టాంకునకు మరలించును. ఇటీవలి బండ్లలో పెక్కింటికి రెగ్యులేటరు టాంకులోనే యుండుటచే, ఇచ్చటి సిద్ధాంతము వానికి వర్తింపదు. కావున ‘పాత’ యను విశేషణమును చదువరి అధ్యాహారము చేసికొనవలయును.

వేడి మీద: వాక్యమునకు ప్రాణమీ పదములు. ఇది పరుగెత్తుచున్న ఇంజను వేడి కాదు. మే నెల మధ్యాహ్నమున బందరు రోడ్డుపై నొక అంగడి ముందర బండి నాపి, లోపల పావుగంట బేరమాడి తిరిగివచ్చునప్పటి వేడి. ఇంజను ఆగగానే దానిచుట్టు తిరుగు నీళ్లును, ఎదురుగాలియు నిలిచిపోవును. లోహములో దాగిన వేడిమి బానెట్టు క్రింద చిక్కుపడి, రెయిలులోని పెట్రోలును కాచుటకు మొదలిడును. ఒత్తిడి నిలిచియున్నంత వరకు పెట్రోలు ద్రవముగనే యుండును. ఒత్తిడి జారెనా, మరిగి ఆవిరియగును. చూచుటకు బండి విశ్రమించుచున్నట్లుండును గాని, దాని కష్టములు అప్పుడే ఆరంభము.

పాఠాంతరము: కొన్ని కార్డులలో ‘వేడి మీద’ అనుచోట ‘పొద్దున్నే’ యని కానవచ్చుచున్నది. ఇది అల్పభేదము కాదు, రోగమే వేరు. ఆ పాఠమున, పంపులోని నాన్‌రిటర్ను వాల్వు కారి రాత్రికి రాత్రి రెయిలులో ఒత్తిడి ఆరిపోవుటయో, ఉష్ణోగ్రత సెన్సారు చల్లని ఇంజనును వేడిదని అబద్ధమాడి పెట్రోలు తగ్గించుటయో ముందుగా ఊహింపదగును. తాళమును ఆన్ వరకు మాత్రము త్రిప్పి, పంపు రెండు సెకండ్లు గొణిగి ఊరకుండిన వెంటనే ఆపి, ఇట్లు రెండు మూడు మారులు చేసి, అటుపిమ్మట సెల్ఫు కొట్టగా చప్పున అందుకొనెనేని, ఒత్తిడి జారుచున్నదని గ్రహింపనగును. యజమాని రెండు పాఠములును పలికినచో అతనినే మరల అడిగి తేల్చుకొనవలయును. తోచినట్లు పాఠమును దిద్దుట గ్రంథపరిష్కర్తలకు చెల్లునేమో గాని మెకానిక్కునకు చెల్లదు.

సెల్ఫ్ ఎక్కువ తీసుకుంటోంది: సెల్ఫు తిరుగుట లేదని యజమాని అనలేదు; టక్కుమని ఆగుచున్నదనియు అనలేదు. తిరుగుచున్నది, చాలసేపు తిరుగుచున్నది. కావున బ్యాటరీయు, స్టార్టరు మోటారును నిర్దోషులు. సందేహము తీరనివారు సెల్ఫు కొట్టునప్పుడు మీటరు పెట్టి, 12 వోల్టుల బ్యాటరీ 9.6కు దిగువకు పడకుండుట చూచి ఊరడిల్లవచ్చును. అయినను లోకమున మొట్టమొదట మార్పునకు గురియగునది బ్యాటరీయే! ఇది మూలవిరుద్ధము.

రేసిస్తే: ‘పెట్రోలు ఎక్కువ పోసినచో’ అని కార్బరేటరు కాలమువారు దీనికి అర్థము చెప్పుదురు. అది అపవ్యాఖ్య. ఈ బండ్లలో పెడలు తెరచునది గాలి ద్వారమును మాత్రమే. పెట్రోలెంత యనునది కంప్యూటరు నిర్ణయము. గాలి యిచ్చినంతట అందుకొనుచున్నదనగా, లోపల కొరతవడినది గాలి. అనగా మించినది పెట్రోలు. మరియు సెల్ఫు కొట్టునప్పుడు పెడలును నేలకంట అదిమినచో పెక్కు కంప్యూటర్లు ఇంజెక్టర్లను మూసివేయును. అప్పుడును అందుకొన్నయెడల, ఆ పెట్రోలు ముందుగానే సిలిండర్లను చేరియుండెనని నిశ్చయము. ఐడిల్ వాల్వు మసిపట్టి మూసికొనినను రేసు అవసరమగును గదా యందురేని, అగును. కాని ఆ దోషము ఉదయమునను బాధించును, అందుకొనిన పిదప ఐడిలును నిలువనీయదు.

అందుకుంటోంది: ఈ క్రియాపదము క్రాంకు సెన్సారును విడుదల చేయుచున్నది. వేడికి మూర్ఛిల్లు సెన్సారుల కథలు ఆటోనగరులో కొల్లలు. అవి నిజమే గాని, అది మూర్ఛిల్లినప్పుడు స్పార్కును ఉండదు, ఇంజెక్షనును ఉండదు. ఎంత రేసిచ్చినను ప్రయోజనము లేదు, చల్లారువరకు చెట్టునీడను కూర్చుండవలసినదే.

అలంకారము: కారణములన్నియు ఉండియు కార్యము పుట్టకుండుట విశేషోక్తి. సెల్ఫు కలదు, స్పార్కు కలదు, పెట్రోలు కావలసినదానికంటె ఎక్కువయే కలదు, ఐనను ఇంజను పలుకదు. కవికిది శోభ, యజమానికి ఖర్చు.

శంకాసమాధానములు

స్కానరు పెట్టినచో తెలియదా యని శంక. స్కానరు తీగలున్నవాని మొర మాత్రమే ఆలకించును. రెగ్యులేటరునకు తీగ లేదు. ఉష్ణోగ్రత సెన్సారునకు తీగయున్నను, అది కొంచెముగా అబద్ధమాడినంతకాలము కంప్యూటరు దానిని సత్యవాక్కుగనే స్వీకరించును, కోడు చూపదు.

అట్లయిన దోషమెవ్వరిది? వేడి మీద మాత్రమే యుండుట, రేసునకు లొంగుట అను రెండు లక్షణములకును ఒక్కతావున పొసగునది రెగ్యులేటరులోని పలుచని పొర. దానికి చిరుగు పడినచో, ఇంజను ఆగిన పిమ్మట రెయిలులోని పెట్రోలు ఆ చిరుగు దూరి, సన్నని వాక్యూము గొట్టము వెంట మానిఫోల్డులోనికి కారును. ఒకవంక ఒత్తిడి జారి రెయిలున ఆవిరి పుట్టుట, వేరొకవంక మానిఫోల్డున పెట్రోలు నిండుట, రెండు కీడులకు ఒకటే రంధ్రము. తెల్లవారునప్పటికి ఆ మిగులు ఆవిరియై పోవుటయు, చల్లని ఇంజను ఎక్కువ పెట్రోలునే కోరుటయు కలసివచ్చి ఉదయమున బండి నిర్దోషి వేషము వేయును.

ఇది యనుమానప్రమాణము, ప్రత్యక్షమునకు పైసా ఖర్చు లేదు. రెగ్యులేటరునుండి వాక్యూము గొట్టమును పెరికి చూడవలయును. లోపల పెట్రోలు తడియో వాసనయో యున్నచో విచారణ ముగిసినది. పొడిగా నున్నచో మీటరు తీసి ఉష్ణోగ్రత సెన్సారు నిరోధమును కొలువవలయును: పెక్కింటికి 20 డిగ్రీలవద్ద సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీలవద్ద సుమారు 300 ఓములు ఉండును. వేడి ఇంజనుపై వేలలో చూపినచో అది కంప్యూటరునకు చలికాలమని చెప్పి పెట్రోలు పోయించుచున్నది. అదియు సరిగా నున్నచో మిగిలినవారు కారెడి ఇంజెక్టర్లు. రెయిలుతో సహా పైకెత్తి, తాళము ఆన్ చేసి, ఏ ముక్కు చుక్క రాల్చునో కనిపెట్టవలెను. పంపును మార్చుట ఇంతదూరమునను రాలేదని చదువరులు గమనింతురుగాక.

తాత్పర్యము

పాత ఇంజెక్షను కారు ఆగి, వేడిలో కొంతసేపు నిలిచి, మరల స్టార్టగుటకు తడవుచేయుచు, పెడలు అదిమినంతట లేచునేని, దానికి పెట్రోలు చాలకపోవుట లేదు, మించిపోవుచున్నది. ముందుగా రెగ్యులేటరు గొట్టమును చూడవలయును. చూచునప్పుడు ఇంజను నాపి, బీడీ కాల్చువారిని దూరముగా పంపుడు.