అందరికీ తెలిసిన సైజు

(కోస్తాలో ఒక ఊరి మెయిన్‌రోడ్డు మీద మ్యాచింగ్ సెంటర్. ముందు ఫాల్సులు, లైనింగు గుడ్డలు. కౌంటరు వెనక అట్టపెట్టెలు. లోపల బాలింత కోడలు, అత్తగారు, వాట్సాప్ వదిన. మొగుడు బయట బండి మీద కూర్చుని ఎదురుగా ఉన్న టైర్ల కొట్టు బోర్డు శ్రద్ధగా చదువుకుంటున్నాడు.)

కోడలు: (గొంతు తగ్గించి) అన్నా, ఫీడింగు బ్రాలు చూపిస్తారా?

కొట్టు అన్న: (గొంతు పెంచి) ఒరేయ్, ఫీడింగు బ్రాలు దింపరా! అక్కగారికి 38!

కోడలు: నేనింకా సైజు చెప్పలేదు.

కొట్టు అన్న: మీరు చెప్పక్కర్లేదక్కా. ఇరవయ్యేళ్ళ సర్వీసు. మనిషి మెట్టెక్కగానే తెలిసిపోద్ది.

అత్తగారు: 38 ఏమిటయ్యా? పెళ్ళికి వాళ్ళమ్మగారు పెట్టెలో సర్ది పంపినవన్నీ 32. నేను కళ్ళారా చూశాను.

వదిన: అంతేగా! సైజంటే ఒకటే ఉంటుంది.

కోడలు: అదేమన్నా ఆధార్ నంబరా వదినా, జన్మంతా ఒకటే ఉండటానికి? నెలలు నిండేసరికి ఒకటి, పాలు పడ్డాక ఇంకొకటి. పాప తాగకముందు ఒకలా, తాగి పడుకున్నాక ఒకలా ఉంటోంది.

అత్తగారు: అందుకేగా బిగించి కట్టుకోమన్నాను. పాలిచ్చినవాళ్ళకి జారిపోతాయి.

కోడలు: జారేది పాలివ్వడం వల్ల కాదత్తయ్యా. కడుపుతో ఉన్నప్పుడు సాగడం వల్ల, వయసు వల్ల. ఇప్పుడు బిగిస్తే పాలు నిలిచి గడ్డ కడతాయని డాక్టరమ్మ తిట్టింది.

(లైనింగు గుడ్డ కోసం టైలరమ్మ వస్తుంది. మెడలో టేపు.)

టైలరమ్మ: ఏంటమ్మగారూ, పంచాయితీ?

వదిన: మా మరదలి సైజు తేలట్లేదు.

టైలరమ్మ: మీ అమ్మగారి పండగ జాకెట్టుకి నేనెన్ని కొలతలు తీశాను? పొడవు, ఛాతీ, నడుము, భుజం, చంక, చేతి పొడవు, చేతి లూజు, ముందు మెడ, వెనక మెడ. అర అంగుళం తేడా వచ్చిందని రెండుసార్లు తిప్పి పంపారు. దాని లోపల వేసుకునే బట్టకి మాత్రం ఈయన కంటిచూపు చాలిందా?

కొట్టు అన్న: మా చూపు తప్పదమ్మా...

టైలరమ్మ: ఆ చూపు పెట్టెల మీద పెట్టు. ఇలా మూలకి రామ్మా. ఊపిరి వదులు. రొమ్ముల కింద, టేపు బిగించి... 33. బేసి వచ్చింది కాబట్టి 34. ఇప్పుడు నిండైన చోట, బిగించకుండా... 37. తేడా మూడంగుళాలు. ఒకటైతే ఏ, రెండైతే బీ, మూడైతే సీ. నీది 34 సీ.

కొట్టు అన్న: సీ అంటే చాలా పెద్దోళ్ళకండీ!

టైలరమ్మ: ఉత్త అక్షరంతో ఏం తెలుస్తుంది? 32లో సీ, 40లో సీ ఒకటేనా? పట్టీతో పాటు కప్పూ పెరుగుద్ది.

కొట్టు అన్న: 34 సీ లేదు. 36 బీ ఇస్తా. రెండూ ఒకటేనని కంపెనీవాళ్ళే చెప్పారు.

టైలరమ్మ: కప్పు వరకూ ఒకటే, కాదనను. పట్టీ మాత్రం రెండంగుళాలు వదులు. బరువు ఎక్కువ మోసేది భుజాల మీదవి కాదయ్యా, చుట్టూ తిరిగే పట్టీ. అది వదులైతే వీపు మీదకి పాకుద్ది, బరువంతా భుజాల మీద పడి గాడి పడుద్ది. ఏదీ, చెయ్యెత్తమ్మా. చూశారా, ఇప్పుడు వేసుకున్నది పైకి లేచిపోయింది. కొత్తది కొన్నప్పుడు అన్నిటికన్నా వదులుగా ఉండే చివరి హుక్కుకి సరిపోవాలి. రోజులు గడిచి సాగేకొద్దీ లోపలి హుక్కులకి వస్తాం. ఈయనేమో మొదటిరోజే లోపలి హుక్కుకి బిగించి, సరిపోయిందంటాడు!

వదిన: ఇవన్నీ సరే, నల్లవి మాత్రం వద్దు. క్యాన్సర్ వస్తుందట. మా గ్రూపులో డాక్టరే పెట్టాడు.

కోడలు: ఏ ఆసుపత్రి డాక్టరు?

వదిన: ఫార్వర్డెడ్ అని ఉంది.

కోడలు: 2014లో అమెరికాలో, సియాటిల్‌లో, ముట్లు ఆగిన ఆడవాళ్ళని వందలమందిని అడిగి చూశారు. కప్పు సైజు, రోజుకెన్ని గంటలు వేసుకుంటారు, వైరు ఉందా, ఏ వయసులో మొదలెట్టారు. దేనికీ క్యాన్సర్‌తో సంబంధం కనపడలేదు.

వదిన: రంగు అడిగారా మరి?

(మొగుడు గుమ్మం దాకా వచ్చి, మొహం రోడ్డువైపే ఉంచి)

మొగుడు: ఏదో ఒకటి తీసుకోవచ్చుగా! ఇంతసేపా?

టైలరమ్మ: బాబూ, పెళ్ళికి మీ ప్యాంటు నడుమెంత?

మొగుడు: 30.

టైలరమ్మ: ఇప్పుడో?

మొగుడు: 36. ఒళ్ళొచ్చింది, మార్చుకోమా మరి? (తన మాట తనకే వినపడి, మళ్ళీ టైర్ల దగ్గరికి వెళ్ళిపోతాడు.)

అత్తగారు: (కాసేపాగి, మెల్లగా) నీ పేరేంటో గానీ... ఆ గాడి అన్నావే, అది నాకూ ఉంది. వయసు కదా అనుకున్నాను.

టైలరమ్మ: మీరేం వేసుకుంటున్నారు?

అత్తగారు: 36. వాడు పుట్టకముందు నుంచీ అదే.

కోడలు: మీకు ముట్లు ఆగి ఆరేళ్ళయింది కదత్తయ్యా. లోపలి గ్రంథులు తగ్గి కొవ్వు చేరుతుంది, మెత్తబడతాయి. మీకూ కొలవాలి.

టైలరమ్మ: (కొలిచి) పట్టీయే 40 వస్తోంది. ఇన్నాళ్ళూ ఊపిరెలా పీల్చారమ్మా?

కొట్టు అన్న: (హుషారుగా) 40 ఉంది! ఒరేయ్, అమ్మగారికి పేపర్లో చుట్టి నల్లకవర్లో పెట్టరా!

అత్తగారు: ఆగవయ్యా. వేసుకుని చూడాలి. గది ఏదీ?

కొట్టు అన్న: ఉందండీ, అందులో లంగాల స్టాకు పెట్టాం. అయినా ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అత్తగారు: సరిపోకపోతే వెనక్కి తీసుకుంటావా?

(కొట్టు అన్న తలపైన బోర్డు వైపు చెయ్యి చూపిస్తాడు: "లోదుస్తులు వాపసు తీసుకోబడవు.")

అత్తగారు: అయితే విను. ఆ లంగాలు బయటపెట్టి, గదిలో అద్దం పెట్టు, గొళ్ళెం పెట్టు, కొలవడం వచ్చిన ఆడపిల్లని పెట్టు. 34 సీ తెప్పించు. అప్పటిదాకా నీ కొట్లో ఫాల్సు తప్ప ఏమీ కొనం.